కొలతల పుస్తకం

మావాడికి చెవుడేమోనని మొదట అనుమానపడింది మా అత్త. అది 2020, లాక్‌డౌన్ రోజులు. వాడికి అప్పుడు రెండేళ్లు. వీధిగుమ్మంలో కూర్చుని స్టీలు డబ్బా మూతని నేల మీద గిరగిరా తిప్పుకుంటున్నాడు. ఆవిడ వెనక నుంచి నాలుగుసార్లు పిలిచింది. తల తిప్పలేదు. "ఏటమ్మీ, గుంటడికి ఇనపడ్డం లేదేటి?" అంది. నాకు కోపం వచ్చింది. మిక్సీ స్విచ్చి మీద నేను చెయ్యి వేస్తే చాలు, అది తిరగకముందే రెండు చెవులూ మూసుకుని పెరట్లోకి పరిగెడతాడే, వినపడని పిల్లాడు మిక్సీకి భయపడతాడా అని అడిగాను. ఆవిడ దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.

మాది విజయనగరం. నేను చీపురుపల్లి దగ్గర ఒక పల్లె నుంచి పెళ్లయ్యాక ఇక్కడికొచ్చాను. ఇంట్లో జాకెట్లు కుడతాను. మా ఆయన ఒక ఎలక్ట్రికల్ షాపులో పని చేస్తారు. మావాడు ఏడాదిన్నరకి "తాత", "పాలు", "కాకి" అనేవాడు. రెండేళ్లు నిండేసరికి ఆ మూడు మాటలూ పోయాయి. పోయాయని నేను గమనించేసరికే చాలా రోజులైంది. మగపిల్లలకి మాటలు ఆలస్యమే అన్నారు. వాళ్ల నాన్నకి అయిదో ఏట వచ్చాయన్నారు. వస కొమ్ము అరగదీసి నాలిక మీద రాశాం, దిష్టి తీశాం, పైడితల్లి అమ్మవారికి మొక్కుకున్నాం. మొక్కుకోవడం తప్పని నేను ఇప్పటికీ అనను. మొక్కు చెప్పుకుని, ఇంక చేయాల్సింది అయిపోయినట్టు ఆరు నెలలు ఇంట్లో కూర్చున్నాను చూడండి, అది తప్పు. మొక్కుకున్న వారమే డాక్టరు దగ్గరికి వెళ్లి ఉండాల్సింది.

వినికిడి పరీక్షకి విశాఖ వెళ్లాం. బెరా అంటారు. తలకి వైర్లు అంటించి, చెవిలో చప్పుడు పెట్టి, అది మెదడు దాకా చేరుతోందో లేదో చూస్తారు. పిల్లాడు నిద్రపోవాలి. అందుకని ముందు రాత్రి పడుకోనివ్వొద్దన్నారు. తెల్లవారుజామున రెండింటిదాకా వాడిని భుజాన వేసుకుని డాబా మీద తిరిగాను. పొద్దున్న బస్సులో అరవై కిలోమీటర్లూ కునుకు తీయకుండా చూసుకున్నాను. రిపోర్టు మామూలుగా ఉంది. మెట్ల మీద కూర్చుని సంతోషంతో ఏడ్చాను. పరీక్ష చేసినావిడ బయటికొచ్చి, నా పక్కన నిలబడి అంది: "వినికిడి బాగుందని ఇక్కడితో ఆపకండమ్మా. బాగా వినిపిస్తున్న పిల్లాడు పిలిస్తే ఎందుకు పలకడం లేదో, అసలు చూడాల్సింది అది."

పిల్లల డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న నేను అనుకున్నది కాదు. మాటల గురించి అడగలేదు. కావాల్సిన వస్తువుని వేలితో చూపిస్తాడా అని అడిగారు. చూపించడు. నా మణికట్టు పట్టుకుని, పట్టకారుని తీసుకెళ్లినట్టు తీసుకెళ్లి, నా చేతిని బిస్కెట్ల డబ్బా మీద పెడతాడు. అది నా మీద ప్రేమ అనుకుని అందరికీ మురిసిపోతూ చెప్పేదాన్ని. ఆకాశంలో కాకిని చూస్తే, నువ్వూ చూడమ్మా అన్నట్టు మీ మొహంలోకి చూస్తాడా అని అడిగారు. ఆ ప్రశ్నకి నేను కాసేపు మాట్లాడలేకపోయాను. ఇంకో రెండుసార్లు చూశాక, ఆటిజం అన్నారు. ఫోను చూపించడం వల్ల వచ్చిందా అని మా ఆయన అడిగారు, లాక్‌డౌన్‌లో మేమూ చూపించాం మరి. దాని వల్ల కాదు, పుట్టుకతోనే మెదడు ఎదిగే తీరులో ఉన్న తేడా ఇది, తల్లి పెంపకం వల్ల వచ్చేది అసలే కాదు అన్నారు. ఫోను మాత్రం తగ్గించమన్నారు, ఎందుకంటే ఫోనుతో గడిపినంతసేపూ మనుషులతో గడపడు కదా. ఆ మాట మా అత్త ముందు ఇంకోసారి చెప్పించుకుని మరీ వచ్చాను.

అంగన్‌వాడీ అక్క చెబితే జిల్లా డీఈఐసీకి, అంటే పిల్లల ఎదుగుదలలో తేడాల్ని తొందరగా పట్టుకుని చూసే ప్రభుత్వ కేంద్రానికి వెళ్లాం. 2013లో మొదలైన బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పెట్టినవి ఇవి, పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్ని ఉచితంగా చూస్తారు. ఈ మాట మా వీధిలో ఎవరికీ తెలియదు. నాకూ వాడికి మూడేళ్లు వచ్చాక గానీ తెలియలేదు. దాంతోపాటు బయట ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు చేసుకోవడం అలవాటు చేసేవాళ్లు) దగ్గరికి వారానికి రెండు రోజులు తీసుకెళ్లేవాళ్లం. ఆ అమ్మాయి మొదటి రోజు అడిగింది, "వీడికి ఏమంటే ఇష్టం?" అని. అప్పటిదాకా ఎంతమందికి చూపించామో, అందరూ ఏం రాదు, ఏం చేయడు అనే అడిగారు. ఇష్టం సంగతి అడిగిన మొదటి మనిషి ఆ అమ్మాయి. చెప్పబోతే నాకు మూడు కన్నా గుర్తు రాలేదు. రాసుకు రమ్మంది.

రాయడానికి నా దగ్గరున్నది జాకెట్ల కొలతలు రాసుకునే పొడుగు నోట్‌బుక్ ఒక్కటే. దాన్ని వెనక్కి తిప్పి, చివరి పేజీ నుంచి మొదలుపెట్టాను. ముందు వైపు ఛాతీ, నడుము, చెయ్యి లూజు. వెనక వైపు మావాడు. ఏ రోజు ఎందుకు ఏడ్చాడు, దానికి ముందు ఏం జరిగింది, ఏం చేస్తే ఆగాడు. నెల తిరిగేసరికి ఆ పేజీల్లో నాకు తెలియని పిల్లాడు కనిపించాడు. మిక్సీకి, కుక్కరు విజిల్‌కి పారిపోయేవాడు కుట్టు మిషన్‌కి పారిపోవడం లేదు. తొక్కే పెడల్ పక్కన చాప మీద పడుకుని, అదే పనిగా చెవి నేలకి ఆనించి వింటున్నాడు. మిక్సీ ఎప్పుడు మొదలవుతుందో, ఎంతసేపు ఉంటుందో వాడికి తెలియదు. మిషన్ అయితే నా పాదంతో పాటు మొదలై పాదంతో పాటు ఆగుతుంది. అది కనబడుతుంది. ఆ రోజు నుంచి మిక్సీ వేసే ముందు వాడి ఎదురుగా వెళ్లి "మిక్సీ, అయిదు" అని వేళ్లు చూపించి, అయిదు లెక్కపెట్టి ఆపేసేదాన్ని. పచ్చడి నలగకపోతే మళ్లీ అయిదు. రెండు నెలలకి చెవులు మూసుకునేవాడు గానీ పరిగెత్తడం మానేశాడు.

బీరువాకీ గోడకీ మధ్య సందులో దూరి నిలబడేవాడు. మేము భయపడి లాగేవాళ్లం. థెరపీ అమ్మాయి చెప్పింది, కొందరు పిల్లలకి మెత్తగా తాకితే ముల్లు గుచ్చినట్టుంటుంది, గట్టిగా నొక్కితే హాయిగా ఉంటుంది, వాడు ఆ నొక్కుడు వెతుక్కుంటున్నాడు అని. బజార్లో బరువు దిండ్లు దొరుకుతాయంది, ధర చూస్తే మా వల్ల కాలేదు. మిగిలిపోయిన లైనింగ్ ముక్కలతో చిన్న చిన్న గళ్లుగా సంచి కుట్టాను. ఒక్కో గడిలో గుప్పెడు చోళ్లు, అదే రాగులు, పోసి మూతి కుట్టేశాను. మొత్తం కిలో. గళ్లు కుట్టకపోతే చోళ్లన్నీ ఒక మూలకి చేరతాయి. అన్నం తినేటప్పుడు అది ఒడిలో పెడితే పీట మీద పది నిమిషాలు కూర్చున్నాడు. అంతకు ముందు రెండు నిమిషాలు కూర్చుంటే గొప్ప. నడిగదిలో చీర ఉయ్యాల కట్టాం. వాడి చొక్కాలకి మెడ దగ్గర లేబుల్ తీసేసి, కుట్టు బయటి వైపుకి వచ్చేట్టు కుట్టాను. మా మావయ్యగారి పాత పొందూరు ఖద్దరు పంచె ఒకటుంటే, ఉతికి ఉతికి వెన్నలా అయిపోయింది, దాన్ని కోసి నాలుగు చొక్కాలు కుట్టాను. రెండేళ్లు అవే తొడిగాడు.

క్షవరం గురించి కాస్త వివరంగానే చెబుతాను, ఎందుకంటే నన్ను తోటి తల్లులు ఎక్కువగా అడిగేది ఇదే.

మూడో ఏట సింహాచలంలో పుట్టువెంట్రుకలు తీయించాం. నలుగురం పట్టుకుంటే గానీ కాలేదు. చుట్టూ జనం మూగారు. ఒకావిడ "ఇంత మొండి పిల్లాణ్ని చూడలేదు" అంది. అది మొండితనం కాదు. భయంతో వాడు నా జబ్బ కొరికిన మచ్చ ఇంకా ఉంది. ఆ తర్వాత ఏడు నెలలు తలకి దువ్వెన తగలనివ్వలేదు. జుట్టు కళ్లలో పడుతున్నా అంతే.

నాకున్న ఒకే ఒక సౌకర్యం ఏమిటంటే, కత్తెర వాడికి కొత్త కాదు. గుడ్డ కోసేటప్పుడు కరకరమనే చప్పుడు వాడికి ఇష్టం, పక్కన కూర్చుని వినేవాడు. అంకెలన్నా ఇష్టమే, మాటలకంటే ముందు అంకెలే వచ్చాయి వాడికి. ఈ రెండూ కలిపాం. మొదటి వారం జుట్టు జోలికి వెళ్లలేదు. రెండు అరచేతులతో తల నాలుగైదుసార్లు గట్టిగా నొక్కడం, చెవికి జానెడు దూరంలో కత్తెర ఆడించడం, ఒకటి నుంచి పది లెక్కపెట్టడం, కత్తెర పెట్టెలో పెట్టేయడం. రెండో వారం బెత్తెడు దూరం. మూడో వారం నిజంగా కోశాను. పది అనగానే ఆగిపోయాను. ఇక్కడే అందరం తప్పు చేస్తాం. పిల్లాడు ఊరుకున్నాడు కదా, ఇంకో నాలుగు కత్తిరించేద్దాం అనిపిస్తుంది. ఆ పదకొండోది కోస్తే మళ్లీ మొదటికొస్తుంది, ఎందుకంటే పది అంటే ఆగుతుందనే నమ్మకం మీదే వాడు కూర్చున్నాడు. మెడ మీద తెగిన వెంట్రుకలు పడితే తట్టుకోలేడు, అందుకని ఖద్దరు గుడ్డ ఒకటి మెడ చుట్టూ బిగుతుగా దోపేదాన్ని. మొదటి క్షవరం పూర్తవడానికి పదకొండు రోజులు పట్టింది. ఒక పక్క పొట్టి, ఒక పక్క పొడుగు జుట్టుతో వాడు వీధిలో తిరుగుతుంటే నాకు పండగలా ఉండేది. ఇప్పుడు ఒక్కరోజులో, అరగంటలో అయిపోతుంది. నేనే చేస్తాను.

మధ్యలో డబ్బులు పోగొట్టుకున్న సంగతీ చెప్పాలి. ఆరు నెలల్లో మాటలు గ్యారంటీ అని ఒక సెంటరు వాళ్లు ముందే మొత్తం కట్టించుకున్నారు. తలుపు వేసి లోపల కూర్చోబెట్టేవాళ్లు, మమ్మల్ని చూడనిచ్చేవాళ్లు కాదు. వాడు అక్కడికి వెళ్లే రోజు పొద్దున్నే వాంతి చేసుకునేవాడు. నోట్‌బుక్‌లో వరసగా అయిదు మంగళవారాలు వాంతి అని చూశాక మానిపించాం. డబ్బు తిరిగి రాలేదు. మూల కణాలు ఎక్కిస్తే తగ్గిపోతుందని ఫోన్లు చేసినవాళ్లూ ఉన్నారు. ఆటిజానికి అది పనిచేస్తుందన్న రుజువు లేదని మా డాక్టరు తేల్చి చెప్పారు. అప్పు పుట్టే దారి అప్పటికే చూసుకున్నాం, ఆ ఒక్క మాటతో ఆగిపోయాం. తల్లిదండ్రులని లోపల ఉండనివ్వని చోట పిల్లాడిని వదలకండి. అంత గట్టిగా నేను చెప్పగలిగింది ఇదొక్కటే.

బడి దగ్గర ఇంకో దెబ్బ. ఒక ప్రైవేటు స్కూల్లో మూడు వారాలు ఉంచుకుని, మిగతా పేరెంట్స్ ఒప్పుకోవడం లేదు, తీసుకెళ్లిపోండి అన్నారు. ఆ సాయంత్రం మా ఆయన వాడి కొత్త బ్యాగు అటక మీద పెట్టేశారు, ఏమీ మాట్లాడలేదు. మర్నాడు మండలంలో ఉన్న భవిత కేంద్రానికి వెళ్లాను, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది. అక్కడి సహిత విద్య టీచరు (ఇలాంటి పిల్లల్ని అందరితో కలిపి చదివించడానికి సాయపడేవారు) చట్టం గురించి నాకు మొదటిసారి చెప్పారు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాలే ఉండేవి, ఆటిజం పేరు లేదు. 2016 చట్టంలో 21 రకాలు చేర్చారు, అందులో ఆటిజం ఉంది. నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకి ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా దగ్గర్లోని బడిలో ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. "బతిమాలక్కర్లేదమ్మా, సర్టిఫికెట్ చేయించు, నేనూ వస్తాను" అన్నారు. అప్పటిదాకా సర్టిఫికెట్ వద్దని నేనే అడ్డం పడ్డాను. వాడి మీద ముద్ర పడిపోతుందని భయం.

ఆ సర్టిఫికెట్ కోసం చేసే పరీక్షని సదరం అంటారు, దానికి స్లాట్ సచివాలయంలో బుక్ చేశారు. పరీక్ష రోజుకి వాడికి ఆరేళ్లు. సంచిలో చోళ్ల దిండు, చెవులకి పెట్టే మఫ్‌లు, మరమరాలు, స్టీలు మూత. వరండాలో జనం, పైన చప్పుడు చేసే ఫ్యాను, మైకులో పేర్లు. గంటన్నర కూర్చున్నాం. లోపల సైకాలజిస్టు ఐఎస్‌ఏఏ అనే ఆటిజం కొలత ప్రకారం నలభై ప్రశ్నలు అడిగారు. మన దేశంలో మన పిల్లల కోసం తయారుచేసిన కొలత అది. కళ్లలోకి చూస్తాడా, తోటి పిల్లలతో కలుస్తాడా, ప్రమాదం అంటే భయం ఉందా, అన్న మాటే మళ్లీ మళ్లీ అంటాడా, దెబ్బ తగిలితే ఏడుస్తాడా. ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు దాకా.

నేను ప్రతిదానికీ అడ్డం పడ్డాను. "ఇంట్లో అయితే చూస్తాడండీ." "వాళ్ల తాతతో అయితే ఆడతాడండీ." "మూత ఇస్తే ఊరుకుంటాడండీ." మూడేళ్లుగా నేను రాసుకున్నదంతా వాడు ఏం చేయగలడో, ఏం చేస్తే చేయగలడో. అక్కడ అడుగుతున్నది దానికి పూర్తిగా తిరగేసి. ఆవిడ పెన్ను పక్కన పెట్టారు. "అమ్మా, నువ్వు చెప్పేవన్నీ నువ్వు పక్కనుంటే జరిగేవి. నువ్వు లేకపోతే వీడికి ఎంత సాయం కావాలో అది నేను రాయాలి" అన్నారు. నా దగ్గర నోట్‌బుక్ ఉంది. తెరిచి ఉన్నది ఉన్నట్టు చదివాను. రోడ్డు మీదకి పరిగెత్తిన రోజులు, తల గోడకి కొట్టుకున్న రోజులు, మా ఊరి సిరిమానోత్సవంలో డప్పులకి నేల మీద పడి దొర్లిన రోజు, ఆ గంటసేపు నేను వాడి మీద పడుకుని అడ్డం ఉన్నది. చదువుతుంటే నా గొంతే నాకు వేరుగా వినిపించింది. నా పిల్లాడి మీద నేనే సాక్ష్యం చెబుతున్నట్టుంది. వాడు పక్కన మూత తిప్పుకుంటూ "సాక్ష్యం" లాంటి మాటలేవీ తెలియకుండా కూర్చున్నాడు.

112 వచ్చింది. 70 నుంచి ఆటిజం, 107 నుంచి 153 దాకా మధ్యస్థం. సర్టిఫికెట్ మీద డెబ్బై శాతం అని రాశారు. మాకిచ్చింది తాత్కాలికం, గడువు తేదీ ఉంది, మళ్లీ వెళ్లాలి. బస్సులో వస్తూ ఆ అంకెని ఎన్నిసార్లు చూశానో. రోజూ కొలతలు తీసే మనిషిని నేను. టేపు పెట్టి ఛాతీ కొలిస్తే ఆవిడ ఎత్తెంతో తెలియదు. అలా అని ఛాతీ కొలత తప్పు రాస్తే జాకెట్టు పట్టదు. అది తట్టాక కాగితం మడిచి జాగ్రత్తగా కవర్లో పెట్టాను.

ఆ కాగితంతో వచ్చినవి చెబుతాను. బడి సీటు వచ్చింది, మా ఇంటికి నాలుగు వీధుల అవతల మున్సిపల్ స్కూలు. నిరామయ బీమా కట్టాం, ఇలాంటి వైకల్యాలున్నవాళ్లకి కేంద్ర ప్రభుత్వ నేషనల్ ట్రస్టు ఇచ్చే ఆరోగ్య బీమా అది, ఏడాదికి లక్ష రూపాయల దాకా, థెరపీ బిల్లులకి కూడా వర్తిస్తుంది. పింఛనుకి దరఖాస్తు పెట్టాం, అది 2024 జులై నుంచి నెలకి 6,000, మాకు ఇంకా మంజూరు కాలేదు.

బడిలో మొదటి నెలంతా వాడు వరండాలోనే ఉన్నాడు. గంట కొట్టినప్పుడల్లా బయటికి పరుగు. భోజనం దగ్గర స్టీలు కంచాల చప్పుడుకి తినేవాడు కాదు. టీచరమ్మ వాడిని అయిదు నిమిషాలు ముందు పంపడం మొదలుపెట్టారు, అందరూ వచ్చేసరికి తినడం అయిపోతుంది. నలభై మంది పిల్లలున్న క్లాసులో ఆవిడ అది గుర్తుపెట్టుకుని రోజూ చేశారు. ఇప్పుడు మాట్లాడుతున్నాడు. దాహం వేస్తే నా దగ్గరికొచ్చి "నీళ్లు కావాలా?" అంటాడు, మేము అడిగే ప్రశ్నే వాడికి అడిగే మాట అయిపోయింది. "నాకు నీళ్లు కావాలి" అని వాడి తరఫున నేను చెప్పి గ్లాసు ఇస్తాను. పదిసార్లలో మూడుసార్లు ఇప్పుడు "నాకు" అంటున్నాడు.

జూన్‌లో మూడో తరగతి. టీచరు మారతారట. నోట్‌బుక్ వెనక వైపు పేజీలూ ముందు వైపు కొలతలూ దగ్గరకొచ్చి కలిసిపోబోతున్నాయి, కొత్తది కొనాలి. నోట్‌బుక్ అంతా కొత్త టీచరు చదవలేరు కాబట్టి ఒక్క పేజీ రాసి ఉంచాను. తలుపు దగ్గర కూర్చోబెట్టండి. గంట కొట్టే ముందు చెప్పండి. తల నిమరకండి, భుజం మీద చెయ్యి వేయాలంటే గట్టిగా వేయండి. ఏదైనా ఆపమనాలంటే అయిదు లెక్కపెట్టండి, అయిదు దగ్గర మీరూ ఆగండి. ఎక్కాలు పదహారు దాకా వచ్చు, అడిగితే చెప్పడు, బోర్డు మీద తప్పు రాస్తే లేచి వచ్చి దిద్దుతాడు. వెనక నుంచి పిలిస్తే పలకడు, వినపడక కాదు. ఎదురుగా వచ్చి, వాడి ఎత్తుకి వంగి, ఒక్కసారి పిలిచి, పది లెక్కపెట్టేంతసేపు ఆగండి.